ముందు టైము, ఆ తర్వాతే టీము

ఒక కార్యక్రమానికి వాలంటీర్ల షిఫ్టులు చూసుకోమంటే, పట్టిక గళ్లలో పేర్లు నింపడమే కదా అనుకున్నాను. రిజిస్ట్రేషన్, హెల్ప్‌డెస్క్, హాలు గుమ్మం అని మూడు టీములు. మూడింట్లోనూ పని దాదాపు ఒకటే: వచ్చినవాళ్లని పలకరించడం, దారి చూపడం. అందుకే చాలామంది "ఏ టీమైనా పర్లేదు" అని రాశారు.

ఫారాలు వచ్చిన వరుసలోనే నింపుకుంటూ పోయాను. రోజంతా ఖాళీగా ఉన్నవాళ్లు పొద్దుటి గళ్లన్నీ ఆక్రమించేశారు. చివర్లో ఒకావిడ ఫారం తగిలింది: "ఉదయం 8 నుంచి 10 వరకే రాగలను." ఆ రెండు గంటల్లో చోటే లేదు. సాయంత్రం మాత్రం నాలుగు గళ్లు బోసిగా ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది.

అన్నీ చెరిపేశాను. మూడు టీములనీ ఒకే జాబితాలో కలిపి, అందరికంటే తక్కువ వీలున్నవాళ్లని ముందు కూర్చోబెట్టాను. అరగంటలో ముడి విడిపోయింది. మనుషుల్ని పనులకి జతపరిచే ఇలాంటి లెక్కల కోసం గణితవేత్త హెరాల్డ్ కున్ 1955లోనే 'హంగేరియన్ పద్ధతి' ప్రచురించాడు. పెద్ద జాబితాలకి అలాంటిది కంప్యూటర్‌కి అప్పజెప్పడమే మేలు. కానీ మొదటిసారి వస్తున్న కుర్రాడి పక్కన అనుభవమున్న మనిషి ఉండాలని మనం చెబితేనే దానికి తెలుస్తుంది. అలాంటి జతలు నేను ఒక్కొక్కటిగా చేత్తోనే మార్చాను. షిఫ్టు మారేచోట 15 నిమిషాలు ఇద్దరూ ఉండేలా కూడా చూశాను. తాళాలూ బ్యాడ్జీలూ చేతులు మారేది అప్పుడే మరి.

ఆవిడకి ఫోన్ చేసి, "ఎనిమిదికి గుమ్మం దగ్గర మీరేనండీ" అన్నాను.