రైలు మారే చోట గడియారం చూడండి

బెజవాడ నుంచో గుంటూరు నుంచో లండన్ చేరి ఈస్ట్‌హామ్‌లో గది తీసుకునే మన పిల్లలు అద్దె చూస్తారు, రైలు చార్జీ చూస్తారు. ఒక స్టేషన్లో దిగి ఇంకో స్టేషన్‌కు రోడ్డు మీద ఎంత నడవాలో పనిలో చేరాకే తెలుస్తుంది. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయగల విద్యార్థికి ఆ నడక ఆలస్యమై రోజూ రెండో టికెట్ పడటం చిన్న దెబ్బ కాదు.

లండన్లో కొన్ని జంట స్టేషన్లకు ఒక వెసులుబాటు ఉంది. మొదటి స్టేషన్ గేటు దాటి, నిర్ణీత నిమిషాల్లో రెండో స్టేషన్ గేటు దగ్గర చార్జీ కట్టే కార్డు పెడితే రెండు ప్రయాణాలూ ఒకటిగానే లెక్క. ఒక్కో జంటకు ఒక్కో గడువు. గడువు దాటితే రెండు చార్జీలు. బయటికి వచ్చేటప్పుడు ఫోనూ లోపలికి వెళ్ళేటప్పుడు బ్యాంకు కార్డూ వాడినా నష్టమే, రెండిటి వెనకా ఉన్నది ఒకే ఖాతా అయినా యంత్రం వాటిని ఇద్దరు మనుషులుగానే చూస్తుంది.

గడువు పెంచమని అడగాలంటే ముందు కొలవాలి. ‘చాలా దూరం, చాలా ఇబ్బంది’ అని రాసిన ఉత్తరానికి మర్యాదగా జవాబు వస్తుంది, పని మాత్రం జరగదు. ఉదయం రద్దీలో పదిసార్లు, సాయంత్రం రద్దీలో పదిసార్లు నడవండి. రెండు దిక్కులా నడవాలి. న్యూయార్క్‌లో బ్లీకర్ స్ట్రీట్ దగ్గర దశాబ్దాల పాటు ఒక దిక్కు వెళ్ళే ఆరో నంబరు రైలుకే మారే దారి ఉండేది, రెండో దిక్కుకు అది 2012లో గానీ రాలేదు. ప్రతి నడకనూ మూడు ముక్కలుగా రాయండి: ప్లాట్‌ఫామ్ నుంచి గేటు, గేటు నుంచి గేటు, గేటు నుంచి ప్లాట్‌ఫామ్. గడువు నడిచేది మధ్య ముక్కకే. చాలామంది మొత్తం సమయం రాసి, అధికారి ‘గడువు సరిపోతోంది కదా’ అంటే నిలబడిపోతారు. మెట్లు ఎన్ని, సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగారు, లిఫ్టు పనిచేస్తోందా అన్నవి విడిగా రాయండి. కనీసం రెండు నడకలు ఇండియా నుంచి తెచ్చుకున్న 23 కిలోల పెట్టెతో చేయాలి. సగటు చూపించకండి, సగటులో మోకాళ్ళ నొప్పుల మనిషి కనపడరు. పది నడకల్లో నిదానంలో రెండోదాన్ని చూపించి, దానికి సరిపడా గడువు అడగండి. కార్డును ఖాతాలో నమోదు చేసుకుంటే గేటు దగ్గర కార్డు పెట్టిన సమయాలన్నీ అందులోనే కనిపిస్తాయి, అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఫిర్యాదు మొదట నగర రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్‌కు. అక్కడ తేలకపోతే ప్రయాణికుల తరఫున చట్టబద్ధంగా పనిచేసే లండన్ ట్రావెల్‌వాచ్‌కు. గడువు పెంచడం, బోర్డు పెట్టడం తక్కువ ఖర్చు పనులు, వాటిని ముందు అడగండి. కొత్త దారి కావాలంటే భూమి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, అప్పుడు స్థానిక కౌన్సిల్ ప్లానింగ్ విభాగాన్ని పట్టుకోవాలి. లండన్‌లోని వాల్తమ్‌స్టోలో సెంట్రల్, క్వీన్స్ రోడ్ స్టేషన్లు పక్కపక్కనే ఉన్నా చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చేది. స్థానిక ప్రయాణికులు ఏళ్ళ తరబడి అడగ్గా 2014లో అడ్డదారి తెరిచారు. దాని కోసం పాటుపడిన రే డడ్లీ పేరే ఆ దారికి పెట్టారు.

ఇదంతా బెజవాడకు ఇప్పుడే పనికొస్తుంది. గన్నవరం నుంచి వచ్చే మెట్రో లైనూ పెనమలూరు నుంచి వచ్చే లైనూ పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గర కలిసేలా ప్రణాళిక వేశారు. రెండు లైన్లకూ గేట్లు ఉమ్మడిగా ఉంటాయా? గుంటూరు బస్సు దిగినవాళ్ళు మెట్రో గేటుకు ఎన్ని మెట్లు ఎక్కాలి? రైల్వే స్టేషన్ దగ్గర మెట్రో మెట్లు రోడ్డుకు ఏ పక్కన దిగుతాయి? కాంక్రీటు పోశాక అడిగితే లిఫ్టు పెట్టడానికి కూడా చోటు దొరకదు.

సమాచార హక్కు చట్టం కింద ఆంధ్రప్రదేశ్ మెట్రో రైల్ కార్పొరేషన్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. భారత పౌరసత్వం ఉంటే విదేశంలో ఉన్నవాళ్ళూ అడగవచ్చు. ‘ఇలా ఎందుకు కడుతున్నారు?’ అని రాస్తే తిప్పి పంపుతారు, ఆ చట్టం ఇచ్చేది కాగితాలే, సంజాయిషీలు కాదు. ‘బస్టాండు మెట్రో స్టేషన్లో గేట్లు, లిఫ్టులు, మెట్ల స్థానాలు కొలతలతో చూపే నక్షా నకలు ఇవ్వండి’ అని రాయండి.