యాష్టకొచ్చిందా బిడ్డా?

2015 అక్టోబర్ 1న అమెరికాలో జబ్బుల కోడ్లు మారాయి. ఆస్పత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు అన్నేళ్ళు వాడిన ఐసీడీ-9 పోయి ఐసీడీ-10 వచ్చింది. డాక్టర్ రాసే ప్రతి రోగానికీ ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును చూసే ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు కట్టాలా వద్దా అని తేలుస్తారు. ఆ లెక్క చేసే సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేసే టీంలో నేనొకదాన్ని. పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. మధ్యాహ్నం ఆఫీసులో ఒక చిన్న గది తలుపు వేసుకుని పాలు పిండి, సీసా ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ వచ్చి కోడ్ల ముందు కూర్చునేదాన్ని.

కొత్త పట్టికలో నవ్వొచ్చేవి చాలా ఉండేవి. బాతు కొడితే ఒక కోడ్, తాబేలు కరిస్తే ఇంకో కోడ్. వాటి మధ్యలో జడ్ 73.0 అని ఒకటి. బర్న్ అవుట్, అంటే పని చేసి చేసి ఆరిపోవడం. ‘ఇది మనందరికీ ముందే వేసి పెడితే పోలే’ అన్నాడు టీంలో ఒకాయన. అందరం నవ్వాం. టెస్టింగ్ కోసం లేని పేషెంట్లను పుట్టించి, వాళ్ళ పేరు మీద ఆ కోడ్ ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు.

తొమ్మిదేళ్ళకు, 2024 మే నెలలో, అదే కోడ్ నా చీటీ మీద చూశాను.

అంతకు ముందు జరిగింది చెప్పాలి. మేం ఉండేది డాలస్ దగ్గర. పిల్లలిద్దరు, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. పగలు ఆఫీసు. రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ టీంతో కాల్, అక్కడ పొద్దున ఎనిమిది. ఈ రెంటి మధ్యలో నేను ‘కల్చర్’ అని పేరు పెట్టుకున్న ఇంకో ఉద్యోగం. ఆదివారం తెలుగు బడి, శనివారం కూచిపూడి, శ్లోకాల క్లాసు, అసోసియేషన్ బతుకమ్మకు రెండు నెలల ముందు నుంచే వాట్సాప్ గ్రూపు. పిల్లలు మన మూలాలు మరిచిపోతారనే భయంతో క్యాలెండర్‌లో ఒక్క గడి ఖాళీ ఉంచలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం తెలుగు బడిలో ‘మా అమ్మ’ మీద అయిదు వాక్యాలు రాసుకురమ్మన్నారు. పాప రాసింది. రాత్రి కాల్ మ్యూట్‌లో పెట్టి నోట్ బుక్ తెరిచాను. చివరి వాక్యం: ‘అమ్మ మీటింగ్ అయ్యాక నవుతుంది.’ ఎర్ర పెన్ను తీసి ‘నవు’ చుట్టూ సున్నా చుట్టి, వకారం కింద వత్తు పెట్టి, పుస్తకం మూసేశాను. కాల్‌లో నా వంతు వస్తే మాట్లాడాను. పన్నెండున్నరకు పళ్ళు తోముకుంటుంటే ఆ వాక్యం మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి దాని అర్థం తెలిసింది. బాత్రూంలో నల్లా విప్పి పెట్టి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే దాన్ని, ఇంట్లో పిల్లల్లో తప్పులు పడుతున్నాను.

డాక్టరమ్మ నిద్రలేమి, ఆందోళన అని రాసి, వాటి పక్కన జడ్ 73.0 వేసింది. అది ఒక్కటే వేస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమంటారో ఆమెకంటే నాకే బాగా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దీన్ని కొత్త పట్టికలో వివరిస్తూ జబ్బు కింద కట్టలేదు, ఉద్యోగంతో వచ్చే పరిస్థితి అంది. మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ అయిపోవడం, చేసే పని మీద ఏవగింపు పుట్టడం, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నాననిపించడం. ఉద్యోగం విషయంలో మాత్రమే ఈ మాట వాడాలని కూడా రాసి పెట్టింది. పిల్లలను సాకడం అందులోకి రాదు, దానికి జీతం లేదు కదా!

‘మానేయరాదు’ అన్న వాళ్ళున్నారు. ఇంట్లో హెచ్-1బి ఉద్యోగ వీసా నాది, మా ఆయన పని చేసుకునే పర్మిట్ నా వీసా మీద ఆధారపడింది. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి మాకు మిగిలేది 60 రోజులు. 1993లో వచ్చిన చట్టం ఒకటుంది, కాస్త పెద్ద కంపెనీలో ఏడాది దాటి పని చేసినవాళ్ళు ఆరోగ్యం బాగా లేకపోతే 12 వారాలు సెలవు పెట్టొచ్చు, ఉద్యోగం పోదు, జీతం రాదు. అది పెట్టాను. జూన్‌లో పిల్లలను తీసుకుని హన్మకొండకు వచ్చేశాను.

మొదటి పది రోజులు నిద్రే. వేయిస్తంభాల గుడికి నడిచి పోయేంత దూరంలో మా ఇల్లు. పొద్దున కూరగాయల బండి అరుపు, మధ్యాహ్నం కుక్కర్ కూత, మధ్యమధ్య పిల్లల కొట్లాట వినిపించేవి. లేవబుద్ధి అయ్యేది కాదు. చూడవచ్చిన చుట్టాలావిడ ఒకామె గడప దాటకముందే మొదలుపెట్టింది: ‘ఏసీల కూసోని చేసే పనికి గింత అలుపేందమ్మా?’ అమ్మ ఆమెకు చాయ్ ఇచ్చి పంపించేసి నా దగ్గరికి వచ్చింది.

‘యాష్టకొచ్చిందా బిడ్డా?’

ఆ మాట విని ఇరవై ఏళ్ళయింది. అలసట వేరు, యాష్ట వేరు. అలిసినవాళ్ళు పడుకుంటే తేరుకుంటారు. యాష్టకొచ్చినవాళ్ళకు చేసే పనే రోత పుడుతుంది, దాన్ని ముట్టుకోబుద్ధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండో గుర్తును ఒక పెద్ద వాక్యంలో చెప్పింది. మా అమ్మ రెండక్షరాల్లో చెప్పింది.

అమ్మ సర్కారు బడి టీచర్. పరకాల దాటి ఒక ఊళ్ళో పని. పొద్దున ఏడింటి బస్సుకు పోతే సాయంత్రం ఆరింటికి వచ్చేది. నా మనసులో ఎప్పుడూ ఒకటే పోలిక: అమ్మ బస్సులో వేలాడుతూ పోయి ఇద్దరు పిల్లలను పెంచింది, నేను కారులో పోయి పెంచలేకపోతున్నాను. ఒక రాత్రి డాబా మీద ఆ మాట బయటికే అన్నాను. అమ్మ నవ్వింది.

‘నేను పెంచిన్నా? నీ తల దువ్వింది బాపమ్మ. అన్నం పెట్టింది పక్కింటి పెద్దమ్మ. నీకు ఎక్కాలు నేర్పింది బాపు. నాకేడ తీరింది?’

ఆ తరువాత చెప్పింది, మాకెవరికీ ఎన్నడూ చెప్పని సంగతి. తమ్ముడు పుట్టిన ఏడాది ఒక పొద్దున పరకాలలో బస్సు దిగింది. బడికి పోయే బస్సు ఎక్కకుండా రోడ్డు దాటి, హన్మకొండ బస్సు ఎక్కి వెనక్కి వచ్చేసింది. ఇంటికి రాలేదు. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం దాకా కూర్చుని, మామూలు వేళకు ఇల్లు చేరింది. మూడు రోజులు అట్లనే చేసింది. నాలుగో రోజు బాపమ్మ కనిపెట్టింది. ఒక్క మాట అనలేదట. మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని నెల రోజులు ఊరికి పోయింది. నాకు ఆ నెల గుర్తుంది, మామిడితోట, బావి, పొయ్యి మీద మక్క కంకులు. సెలవులనుకున్నాను.

మోయిరా మికొలాజ్‌చాక్, ఇసబెల్ రోస్కామ్ అని బెల్జియంలో ఇద్దరు పరిశోధకులున్నారు. తల్లిదండ్రులకు పిల్లల పెంపకం వల్ల వచ్చే బర్న్ అవుట్‌ను చాలా ఏళ్ళుగా చదువుతున్నారు. 42 దేశాల్లో కలిపి చేసి 2021లో అచ్చు వేసిన పనిలో తేలింది ఏమంటే, ఎవరి బతుకు వాళ్ళది అనుకునే సమాజాల్లో ఇది ఎక్కువట. చదివి ‘చూశావా అమ్మా’ అన్నాను, కనిపెట్టింది నేనే అయినట్టు. అమ్మ మాత్రం పొంగిపోలేదు. ‘అందరు సాదిన్రు అంటవు. ఆ అందరు ఆడోళ్ళే గదా బిడ్డా. బాపమ్మకు యాష్టకొస్తే ఏ ఊరికి పోవాలె?’

ఆ మాటతో నా కళ్ళు అమ్మ మీదికి తిరిగాయి. 66 ఏళ్ళు. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ నా ఇద్దరు పిల్లల వెంట మెట్లెక్కి దిగుతోంది. నేను కోలుకుంటున్నది ఆమె మోకాళ్ళ మీద. మర్నాటి నుంచి పొద్దున లేచాను. పిల్లల స్నానాలు, టిఫిన్లు నావి. వరంగల్‌కు వస్తే అన్నీ కుదుటపడతాయని మేం డాలస్‌లో కూర్చుని చెప్పుకునే కథలో ఈ మోకాళ్ళు ఉండవు.

కోటకు పోయినప్పుడు కూడా ఇదే ఆలోచన. తోరణాల కింద నిలబడి పాపకు రుద్రమదేవి గురించి చెప్పాను. 1262 నుంచి 1289 దాకా ఏలిందని, శాసనాల్లో మగవాళ్ళ పేరుతో రుద్రదేవ మహారాజు అని కూడా రాశారని, కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుందని. మహిళా దినోత్సవం వస్తే మాలాంటి వాళ్ళకు ఆమెను ఉదాహరణగా చూపిస్తారు. ‘ఆమె యుద్ధానికి పోతే పిల్లలను ఎవరు చూసేవాళ్ళు?’ అంది పాప. ఏ శాసనంలోనూ అది నేను చదవలేదు.

ఇక భాష సంగతి. మూడో రోజే పాప నా చెవిలో చెప్పింది: ‘అమ్మా, అమ్మమ్మకు తెలుగు సరిగ్గా రాదు. వస్తాన అంటోంది. వస్తున్నాను కదా?’ చెంప మీద కొట్టినట్టయింది. తప్పు పాపది కాదు. ఇంజినీరింగ్ హాస్టల్లో నా మాటకు ఎవరో నవ్వితే నెల తిరక్కుండా ‘వస్తాన’ను ‘వస్తున్నాను’గా ఇస్త్రీ చేసుకున్నది నేనే. అసోసియేషన్ స్టేజీల మీద తెలంగాణ అని గొంతు చించుకున్నది కూడా నేనే. పిల్లలకు మాత్రం పుస్తకంలోది నేర్పించాను.

అమ్మ ఏమీ ‘నేర్పలేదు’. సర్వపిండికి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంది. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లాకు, ఎల్లిపాయ కారం వేసి తడిపి, గిన్నె అడుగుకు వత్తి, నూనె దిగడానికి వేలితో తూట్లు పెట్టాలి. ఆ తూట్ల పని బాబుది. ‘పైలం, చెయ్యి కాలుతది.’ ‘సోయి పెట్టి చెయ్.’ ‘ఇగురం ఉన్నది పోరనికి.’ నెల తిరిగేసరికి బాబు మేడ మీంచి అరుస్తున్నాడు: ‘అమ్మమ్మా, ఏం జేత్తానవ్?’ మూడేళ్ళ తెలుగు బడి ఫీజు గుర్తొచ్చి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బడిని తప్పు పట్టను, అక్షరాలు అక్కడే వచ్చాయి.

ఆషాఢ పౌర్ణమికి భద్రకాళి గుడిలో అమ్మవారిని శాకంబరిగా అలంకరించారు. కూరగాయలతోనే నిలువెల్లా అలంకారం. ‘రేపు వీటితో సాంబార్ చేస్తారా?’ అని బాబు గట్టిగా అడిగాడు. క్యూలో ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి ‘పప్పు నువ్వు తేవాలె మరి’ అన్నాడు. ఎవరూ వాణ్ణి గదమాయించలేదు. గుడి బయట చెరువు వైపు చూస్తూ అమ్మను అడిగాను, ఎక్కడ కూర్చున్నావని. చెయ్యి చాపింది. ‘గప్పుడు గీ రెయిలింగులు లేవు.’

తిరిగి వెళ్ళిన నెలకు, ఆగస్టు చివర్లో, అమెరికా ప్రభుత్వ పెద్ద డాక్టరైన సర్జన్ జనరల్ తల్లిదండ్రుల ఒత్తిడి మీద ఒక హెచ్చరిక విడుదల చేశారు. దాదాపు రోజూ తట్టుకోలేనంత ఒత్తిడిగా ఉందన్న తల్లిదండ్రులు 48 శాతం, మిగతా పెద్దవాళ్ళలో 26. ఆ అంకెలు మా ఆయనకు చూపించాను. వంట ఆయనే చేస్తాడు, అంట్లు తోముతాడు, అయినా పళ్ళ డాక్టర్ తేదీ, బడి ఫారం గడువు, ఎవరి పుట్టినరోజుకు ఏం కొనాలి అన్నవి నా తలలోనే ఉండేవి. ఒక రాత్రి కూర్చుని అవన్నీ కాగితం మీద పెట్టాం. రెండు పేజీలు నిండాయి. ఒక పేజీ చింపి ఆయనకిచ్చాను. మొదటి నెలలో రెండు గడువులు దాటిపోయాయి. నేను గుర్తు చేయలేదు. అది నాకెంత కష్టమైందో ఆయనకు తెలియదు.

ఆఫీసులో లీడ్ పని వదులుకున్నాను. రాత్రి కాల్స్ వారానికి రెండుకు వచ్చాయి. ఆ ఏడు బోనస్ తగ్గింది, నా కింద పని చేసినతను ఇప్పుడు నాకు పని చెబుతాడు. ఇబ్బందిగా ఉంటుంది, లేదనను. కూచిపూడి మానుతానని పాపే అంది, ‘సరే’ అన్నాను. అక్టోబర్‌లో అసోసియేషన్ పోటీకి పోలేదు. కొట్లో దొరికిన బంతులు, చేమంతులతో ఇంట్లోనే చిన్న బతుకమ్మను పేర్చాం. తంగేడు లేదు, గునుగు లేదు. వీడియోలో చూసిన అమ్మ ‘సక్కగనే ఉన్నది, జర ఒంకర’ అంది.

ఆదివారం తెలుగు బడి అయ్యాక ఒక గంట అయిదుగురు పిల్లలతో కూర్చుంటున్నాను. ప్రతివాళ్ళూ ఇంటికి ఫోన్ చేసి, నాయనమ్మో తాతయ్యో వాడే ఒక మాట తెచ్చుకోవాలి. బుగులు, తొవ్వ, పొద్దుమీకి, నిరుడు, అంగి. గుంటూరు పిల్లవాడు ఒకడు వాళ్ళ మాటలు తెస్తాడు, అవీ రాసుకుంటాం. ఎర్ర పెన్ను లేదు. దీన్ని యాప్ చేద్దామని ఒక తండ్రి ఉత్సాహపడ్డాడు. వద్దన్నాను. దీనికి కూడా స్ప్రింట్లు, గడువులు వస్తే నేను మళ్ళీ పరకాలలో రోడ్డు దాటాల్సిందే.

మొన్న రిలీజ్ వారం, నాలుగు రాత్రులు వరుసగా కాల్స్ పడ్డాయి. అయిదో సాయంత్రం పాప వచ్చి నా మొహంలోకి చూసింది.

‘యాష్టకొచ్చిందా అమ్మా?’

‘వచ్చింది బిడ్డా.’

‘అయితే నువ్వు కూర్చో. సర్వపిండి నేను పెడతా, తూట్లు తమ్ముడు పెడతాడు.’ వాళ్ళ నాన్న పొయ్యి దగ్గర కాపలా నిలబడ్డాడు. పావుగంటకు వంటింట్లో పొగ అలారం మోగింది. ఆయన తువ్వాలుతో విసురుతున్నాడు, బాబు చెవులు మూసుకుని ఎగురుతున్నాడు, పాప ఫోన్ గిన్నెలోకి వంచి అమ్మమ్మకు చూపిస్తోంది.

‘నూనె తక్కువైంది’ అంది అమ్మ. ‘ఆ పక్కది తియ్యి, అది మాడలే.’