పేజర్ మీద నడిచే ఉద్యోగం, గంటల మీద నడిచే సెలవు చట్టం

మిన్నెసోటాలో ఉద్యోగం చేసే మనవాళ్ళ పే స్టబ్‌లో 2026 జనవరి నుంచి ‘పెయిడ్ లీవ్’ పేరుతో కొత్త కోత పడుతోంది. ప్రీమియం జీతంలో 0.88 శాతం. అందులో కనీసం సగం యజమాని కట్టాలి, మిగతా 0.44 దాకా ఉద్యోగి దగ్గర పట్టుకోవచ్చు. ఐటీ జీతానికీ అదే లెక్క, ఊరి ఫైర్ స్టేషన్ నుంచి ఏడాది మొత్తానికి మూడు వేల డాలర్లు అందుకునే మనిషికీ అదే లెక్క. ఆ రెండో మనిషిని ఈ లెక్కలోంచి తప్పించాలన్న వాదనలో న్యాయం చాలానే ఉంది. గీత గీసే చోటే తేడా కొడుతోంది.

ఆ మనిషిని అక్కడ ‘పెయిడ్ ఆన్-కాల్’ ఫైర్‌ఫైటర్ అంటారు. అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది వాలంటీర్లే. మిన్నెసోటా చిన్న ఊళ్ళన్నీ వాలంటీర్ల మీద, ఈ ఆన్-కాల్ వాళ్ళ మీదే నడుస్తాయి. పగలు మెకానిక్కో, రైతో, స్కూల్ టీచరో. రాత్రి రెండింటికి పేజర్ మోగుతుంది. సొంత కారులో స్టేషన్‌కి వెళ్ళి, గేర్ తొడుక్కుని ట్రక్కెక్కుతారు. తిరిగొచ్చాక తడిసిన గొట్టాలు ఆరేసి, గాలి సిలిండర్లు మళ్ళీ నింపి, షీట్ మీద సంతకం పెడతారు. ఆ రెండు గంటలకు జీతం. పేజర్ నడుముకు పెట్టుకుని ఇంట్లో పడుకున్న గంటలకు మామూలుగా జీతం ఉండదు, ఎందుకంటే ఆ టైమ్‌లో సొంత పనులు చేసుకోవచ్చు కాబట్టి చట్టం దృష్టిలో అది పని కాదు.

అసలు చిక్కు ఫెడరల్ వేతన చట్టం దగ్గర మొదలవుతుంది. ఫుల్‌టైమ్ మనిషిని పెట్టుకుంటే అదే పనికి అయ్యే ఖర్చులో 20 శాతానికి మించకుండా ఇస్తే దాన్ని నామమాత్రపు పారితోషికం అనుకోవచ్చని కార్మిక శాఖ 2006లో చెప్పింది. అప్పుడు అతను వాలంటీరే. గంటకింత అని జీతం కట్టడం మొదలుపెట్టారా, ఉద్యోగి అయిపోతాడు. ఉద్యోగి అయ్యాక, వేరే చెప్పకపోతే, ఉద్యోగుల కోసం రాసిన ప్రతి చట్టమూ అతని మీద వాలుతుంది.

ఇక్కడ చాలామంది రెండు చట్టాలను కలిపేస్తారు. ఒకటి 2024 జనవరి 1న వచ్చిన సిక్ అండ్ సేఫ్ టైమ్. 30 గంటల పనికి ఒక గంట జీతంతో సెలవు, ఏడాదికి కనీసం 48 గంటల దాకా జమ, ఖర్చు నేరుగా యజమానిదే. రెండోది పైన చెప్పిన పెయిడ్ లీవ్. సొంత జబ్బుకు 12 వారాలు, కుటుంబం కోసం 12 వారాలు, రెండూ కలిపి ఏడాదికి 20 వారాలకు మించకుండా; డబ్బు రాష్ట్రం నిధి నుంచి వస్తుంది. మొదటి చట్టం నుంచి వాలంటీర్, పెయిడ్ ఆన్-కాల్ ఫైర్‌ఫైటర్లనూ, అదే రకం అంబులెన్స్ సిబ్బందినీ 2024 మేలో సవరణ తెచ్చి తప్పించేశారు.

ఎందుకు తప్పించాల్సి వచ్చిందో లెక్క వేస్తే తెలుస్తుంది. నెలకు రెండు డ్రిల్స్, ఒక్కోటి రెండు గంటలు అనుకుంటే ఏడాదికి 48 గంటలు. దానికి గంట చొప్పున 60 కాల్స్ కలిపితే 108. చట్టం వర్తించడానికి ఏడాదికి 80 గంటలు చాలు కాబట్టి గీత దాటేశాడు. జమ అయ్యేది మూడున్నర గంటల సెలవు. సరే, దాన్ని వాడేదెలా? జ్వరం వచ్చిన రోజు పేజర్ మోగితే వెళ్ళడు, అంతే. వేరేవాళ్ళు వెళ్తారు. అతను ‘కోల్పోయిన’ గంటలు ఎన్ని? కాల్ ఇరవై నిమిషాల్లో ముగిసిందా, గడ్డివాము తగలబడి తెల్లారేదాకా సాగిందా? ఒకే రాత్రి మూడు కాల్స్ వస్తే? సెలవు పెట్టాలంటే ముందు షిఫ్ట్ అంటూ ఒకటి ఉండాలి, అతనికి అదే లేదు. ఆ మూడున్నర గంటల కోసం ప్రతి పే పీరియడ్‌లో జమ ఎంత, వాడింది ఎంత అని ఊరి క్లర్క్ పాతికమందికి లెక్క రాసి చూపించాలి. ఆ క్లర్కే నీటి బిల్లులూ చూసుకోవాలి, కుక్కల లైసెన్సులూ ఇవ్వాలి.

పెయిడ్ లీవ్ విషయం అంత తేలిగ్గా తేలదు. మూడు వేల డాలర్ల మీద ప్రీమియం 26 డాలర్ల 40 సెంట్లు. అతని వాటా 13.20. డబ్బుగా చూస్తే ఇది గొడవపడేంత సొమ్మేమీ కాదు. దెబ్బ వేరే చోట ఉంది. 30 మంది, అంతకన్నా తక్కువ ఉద్యోగులున్న యజమానికి, సగటు జీతం హద్దులో ఉంటే, ప్రీమియం 0.66 శాతమే. ఎనిమిది మంది సిబ్బంది ఉన్న ఊరికి పాతికమంది ఆన్-కాల్ వాళ్ళను కలిపితే 33. తగ్గింపు రేటు పోయినట్టే.

ఇంకోటి, దీన్ని చాలా ఊళ్ళు ముందుగా ఊహించవు. ఫైర్‌ఫైటర్లకు ఏడాదికోసారి డిసెంబర్‌లో ఒకే చెక్కు ఇచ్చే అలవాటు ఉంటుంది. వారపు భృతికి ఆధారమయ్యే సగటు జీతాన్ని, ఎక్కువ ఆదాయం వచ్చిన క్వార్టర్‌ (మూడు నెలల) జీతాన్ని 13తో భాగించి లెక్కిస్తారు. ఏడాది పనికి 2,600 డాలర్లు ఒకే క్వార్టర్‌లో పడితే వారానికి 200 అని తేలుతుంది. నిజానికి అది 50. ఫైర్ పని నుంచి కూడా సెలవు తీసుకుంటే లెక్క ఉబ్బిపోతుంది. మోసం కాదు, చెక్కు రాసే పద్ధతి అంతే. నెలనెలా, కనీసం మూడు నెలలకోసారి ఇస్తే ఈ తలనొప్పి ఉండదు. రాష్ట్రానికి వేతన వివరాలు ఎలాగూ క్వార్టర్‌కోసారి గంటలతో సహా పంపాల్సిందే.

మినహాయిస్తే మనిషికి పోయేదేమిటి? అనుకున్నంత కాదు. అర్హతకు 2026లో కావలసిన సుమారు 3,900 డాలర్ల ఆదాయం అతనికి అసలు ఉద్యోగం నుంచే వచ్చేస్తుంది. మోకాలి ఆపరేషన్‌కు సెలవు, భృతి అక్కడి నుంచే. మంటల దగ్గర దెబ్బ తగిలితే వర్కర్స్ కంపెన్సేషన్ ఉంది, అదీ చేతికొచ్చే చిల్లర మీద కాకుండా ఆ పనికి ఊళ్ళలో నడిచే జీతం మీద కడతారు. క్యాన్సర్, గుండెజబ్బు, పీటీఎస్‌డీ (ఘోరాలు చూశాక మిగిలే మానసిక గాయం)లకు 2021లో తెచ్చిన హోమ్‌టౌన్ హీరోస్ పథకం ఉంది; తీవ్ర జబ్బుకు 20 వేల డాలర్ల దాకా సాయం, వాలంటీర్లకు కూడా.

అయితే ‘ఆన్-కాల్’ అనే పేరు కింద ఇప్పుడు ఇంకో రకం పని చేరింది. పగటిపూట పేజర్‌కు పలికేవాళ్ళు తగ్గిపోయి, డ్యూటీ క్రూలు పెట్టిన డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా స్టేషన్‌లోనే కూర్చోవాలి, ముందే వేసిన షెడ్యూల్, గంటకు జీతం. ఆ మనిషికి షిఫ్ట్ ఉంది, జ్వరం వస్తే ఫలానా పన్నెండు గంటలు పోయాయని చెప్పగలడు. నెలకు ఆరు షిఫ్టులు చేస్తే ఏడాదికి 864 గంటలు. అతన్ని కూడా ‘పెయిడ్ ఆన్-కాల్’ అనే ఒక్క మాటతో బయటకు నెట్టేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. చట్టం హోదా పేరు చూస్తోంది, చూడాల్సింది షెడ్యూల్‌ని.

మసాచుసెట్స్‌లో ఈ తర్జనభర్జన లేదు, అక్కడ ఊళ్ళు తామై చేరితే తప్ప పథకం మొత్తానికే బయట. కొలరాడోలో స్థానిక సంస్థ ఓటేసి బయటకు రావచ్చు, ఉద్యోగి విడిగా చేరవచ్చు. రెండు చోట్లా నిర్ణయం ఊరు మొత్తానికి ఒకటే. ఫైర్‌ఫైటర్‌ను విడిగా కొలవడం అక్కడా లేదు.

ఈలోగా పేరోల్ చూసేవాళ్ళు చేసుకోగలిగింది ఒకటుంది: కాల్స్‌కు, డ్రిల్స్‌కు ఒక పే కోడ్, డ్యూటీ షిఫ్టులకు వేరే కోడ్. ఒకే మనిషి మంగళవారం పేజర్‌కు వచ్చి, శనివారం షిఫ్ట్ చేస్తాడు. రెండూ ఒకే లైన్‌లో పడితే, నాలుగు క్వార్టర్లు తిరిగాక ఆ గంటలను ఎవరూ విడదీయలేరు. అప్పుడిక సంతకాల షీట్ల అట్టపెట్టె దించి, ఒక్కో కాగితం తిరగేయాలి.