నాయన చావును లెక్కలో రాయించిన మూడు రోజులు

చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో, ఇంట్లోనే పోయినాడు నాయన. దినాలన్నీ ముగించి సచివాలయానికి పోయేసరికి 18వ రోజు. 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. నెల దాటితే పైఅధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వే కావాలి. తెలిసినవాళ్ళందరికీ ముందు ఈ మాటే చెబుతున్నా.

సెక్రటరీ మేడమ్ ఫారం తీసింది. పేరు, తేదీ, చోటు అయినాక, "బీడీ, పొగాకు అలవాటుందా అమ్మా? ఎన్నేండ్లు?" అని అమ్మను అడిగింది. నాకు కోపమొచ్చింది, పోయిన మనిషి బీడీలు ఇప్పుడెందుకని. అమ్మ మాత్రం వేళ్ళు మడిచి, "నన్ను చేసుకున్నప్పటికే తాగుతుండె. నలభై ఉంటాయి" అనింది.

ఫారంలో రెండు భాగాలున్నాయని అప్పుడు చూపించింది మేడమ్. ఒకటి రిజిస్టరుకు. రెండోది గణాంకాలకు: పని, వైద్యం అందిందా, అలవాట్లు. కారణం దగ్గర పెన్ను ఆగింది. "వయసు మీద పడి" అన్నాన్నేను. "చూసిన డాక్టరుంటే, చావు కారణం రాసే 4ఎ ఫారం రాయించుకు రండి సార్" అనింది.

మరుసటి రోజు తిరుపతికి పోయినా. ఆఖరిదాకా చూసిన డాక్టరు పాత చీటీలన్నీ తిరగేసినాడు. "గుండె ఆగింది" అని రాస్తాడనుకున్నా. "అది అందరికీ ఆగేదే, కారణం కాదు" అని మూడు వరసలు నింపినాడు. పైన నెమ్ము. దాని కింద పక్షవాతం, 7 నెలలు. అడుగున బీపీ, 14 ఏళ్ళు. ఆ అడుగు వరసే మూలమట. నాయన బీపీ మాత్రలు మానేసిన ఏడాది కళ్ళ ముందు తిరిగింది. డాక్టరు డబ్బు తీసుకోలేదు, తీసుకోకూడదని చట్టమే చెబుతుంది.

దేశంలో 2020లో నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసినవి నూటికి 22 దాకానే. మిగతావాళ్ళు దేనితో పోయినారో ఆ కాగితాల్లో లేదు. ఏ ఊరికి బీపీ మాత్రలు ఎన్ని కావాలో అప్పుడు ఎవరికి తెలుస్తుంది? నాయన చావు ఆ చీకట్లో కలవకూడదనే 20వ రోజు పొద్దున్నే 4ఎ ఇచ్చి వచ్చినా.

పత్రం చేతికొచ్చినాక అమ్మ చదివించుకునింది. "జబ్బు పేరు లేదే?"

పత్రంలో చావు కారణం వేయకూడదని చట్టం. "అది లెక్కకు పోయిందిమా" అన్నా.

"బీడీలు గూడానా?"

"అవి గూడా."

తల ఊపి, పత్రాన్ని నాయన మాత్రల చీటీలతో కలిపి పెట్టెలో దాచింది.