టీకా వేశాక కూడా గంబోరో ఎందుకొస్తోంది?

బ్రాయిలర్ రైతులకు టీకాల వరస నోటికి వచ్చు. ఐదు నుంచి ఏడు రోజుల్లోపు కొక్కెర తెగులుకు కంటిచుక్క, పన్నెండు నుంచి పద్నాలుగు రోజుల మధ్య నీళ్లలో గంబోరో (కోడిపిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ జబ్బు) టీకా, నాలుగో వారంలోపు కొక్కెర తెగులుకే మళ్లీ లసోటా బూస్టర్. అయినా కొన్ని బ్యాచుల్లో నాలుగో వారానికి పిల్లలు ముడుచుకుని కూర్చుంటాయి, తెల్లగా నీళ్లలా పారతాయి. చచ్చినదాన్ని కోస్తే తొడ కండల్లో రక్తపు చారలు. వెంటనే "మందు నకిలీ" అనేస్తారు. నన్నడిగితే ముందు నీళ్ల ట్యాంకు చూడాలి.

గంబోరో టీకా అంటే బతికున్న వైరస్. బ్లీచింగ్, క్లోరిన్, శానిటైజర్ ఏది తగిలినా చస్తుంది. టీకాకు 48 గంటల ముందు అన్నీ ఆపి, వేశాక ఇంకో రోజు ఆగాలి. అయినా పైపుల్లో కాస్త మిగులుతుంది కాబట్టి లీటరు నీటికి 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, పావుగంట ఆగి, అప్పుడు టీకా కలపాలి. సీసా మూతను ఆ నీళ్లలో ముంచే తీయాలి. మెడికల్ షాపు నుంచి షెడ్డుదాకా ఐసు డబ్బాలోనే రావాలి, జేబులో కాదు.

నీళ్లెన్ని కలపాలన్నది అసలు చిక్కు. ముందురోజు పొద్దున అదే వేళకు రెండు గంటల్లో ఎంత తాగాయో కొలిచి పెట్టుకోండి, అంతే కలపండి. ఎక్కువైతే తాగేలోపు వైరస్ చస్తుంది, తక్కువైతే బలమైన పిల్లలే తాగేసి మూలనున్నవి ఎండుతాయి. టీకాకు ముందు గంట, గంటన్నర దాహం పెట్టాలి; ఎండాకాలంలో అరగంట చాలు. నిపుల్ లైనైతే (పిల్లలు ముక్కుతో పొడిచి తాగే పైపు) పాత నీళ్లు చివరిదాకా వదిలేసి, చివరి నిపుల్‌లో పాలరంగు కనిపించాకే పిల్లల్ని వదలాలి. నీలిరంగు బిళ్ల కలిపితే ఇంకా మంచిది. రెండు గంటల తర్వాత షెడ్డు నాలుగు మూలల నుంచి కొన్ని పిల్లల్ని పట్టి నాలుకలు చూడండి. నూటికి తొంభై నీలంగా లేకపోతే టీకా అందనట్టే.

ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ పిల్లల్ని ఇచ్చి పెంచమనే పద్ధతిలో, కంపెనీ సూపర్‌వైజరు సీసాలు ఇచ్చి వెళ్లిపోతాడు. నీళ్లు మాత్రం రైతువే.

ఇంకో సంగతి, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఎక్కువగా ఉన్నప్పుడు తొందరపడి వేసినా టీకా వృథానే. పక్క షెడ్డు తేదీ చూసి వేయకూడదు, ఆ పిల్లలు వేరే హేచరీవి కావచ్చు.

పాత బ్యాచులో గంబోరో వచ్చిందా, వైరస్ ఆ షెడ్డులో నెలల తరబడి ఉంటుంది, లిట్టరులోని (కింద పరిచిన ఊక) నల్ల పెంకుపురుగుల్లో కూడా. ఉత్త ఫినాయిల్‌కు లొంగదు. ఊకంతా దూరంగా తీసేసి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఫార్మలిన్ కొట్టి, కనీసం రెండు వారాలు ఖాళీగా వదలాలి.

రోగం దిగాక యాంటీబయాటిక్ పోయడం డబ్బు దండగ, వైరస్‌కు అది పనిచేయదు. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను అయితే కోళ్లకు వాడకుండా 2019లోనే దేశమంతా నిషేధించారు. ఎలక్ట్రోలైట్లు, గాలి, పొడి లిట్టరు చూసుకోండి. ఈ.కోలి బ్యాక్టీరియా తోడైందని డాక్టరు కోసి చూసి చెబితే అప్పుడు మందు. లసోటా బూస్టర్ తేదీ వచ్చినా పిల్లలు కోలుకునేదాకా వేయొద్దు.