సెటీ ఎట్ హోమ్‌కు ఇచ్చిన ఖాళీ సమయం
బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గ్రహాంతర బుద్ధిజీవుల రేడియో సంకేతాలను మామూలు ప్రజల కంప్యూటర్ల సాయంతో వెతికేందుకు 1999 మే 17న ప్రారంభించిన సెటీ ఎట్ హోమ్‌కు నా కంప్యూటర్ ఖాళీ సమయాన్ని అప్పగించిన రోజులను నేను ఇప్పటికీ ప్రేమగా తలచుకుంటాను. ప్యూర్టో రికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్ 1420 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల నమోదు చేసిన సంకేతాలను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో సుమారు 107 సెకన్ల ఆకాశాన్ని మా ఇళ్లకు పంపేవారు. టెలిస్కోప్ చూపు మీదుగా ఒక నక్షత్రం జరిగిపోతున్నప్పుడు దాని సంకేతం క్రమంగా పెరిగి, క్రమంగా తగ్గాలి. భూమి మీది రేడియో రొద సాధారణంగా అలా ప్రవర్తించదు కాబట్టి, మా కంప్యూటర్లు ఆ పెరుగుదల, తగ్గుదలల కోసం కూడా వెతికేవి. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఈ ఉపాయమే. 2020 మార్చి 31న కొత్త ముక్కల పంపిణీ నిలిచిపోయింది, అదే ఏడాది డిసెంబరు 1న అరెసిబో కూలిపోయింది. ఆ వార్త నన్ను ఎంతో బాధించింది. విశ్లేషణ మాత్రం కొనసాగింది, ఆసక్తికరమైన సంకేతాలు వచ్చిన దిశలను ఎంపిక చేసి చైనాలోని ‘ఫాస్ట్’ అనే రేడియో టెలిస్కోప్‌తో మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టారు.