లైబ్రరీలో రెండు పనిబల్లలు

బడుల్లో పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే గదుల కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబ్ అంటే 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు, 1500 చదరపు అడుగుల స్థలం. 2016లో మొదలైన ఈ పథకం అందని బడి మేకర్‌స్పేస్ (పిల్లలు వస్తువులు తయారుచేసే చోటు) ఆశ వదులుకోనక్కర్లేదు. లైబ్రరీలో రెండు బల్లలు, తాళం ఉన్న బీరువా ఒకటి ఉంటే పని మొదలుపెట్టొచ్చు. వస్తువు ఇవ్వడం, రిజిస్టర్లో రాయడం, తిరిగి తీసుకోవడం లైబ్రరీకి ఎలాగూ అలవాటే. నా దృష్టిలో త్రీడీ ప్రింటర్ కన్నా ఆ అలవాటే విలువైనది.

అందుకే సామాను విడివిడిగా కాకుండా డబ్బాల్లో సర్దండి. ఒక్కో మూతపెట్టె ఒక కిట్. అందులో స్విచ్ ఉన్న రెండు ఏఏ సెల్స్ హోల్డర్ 1, ఎర్ర ఎల్‌ఈడీలు 4, తెల్లవి 2, కరెంటును అదుపు చేసే 100 ఓమ్‌ల రెసిస్టర్లు 6, బొమ్మల మోటారు 1, క్రొకడైల్ క్లిప్పుల వైర్లు 6. ఈ జాబితా మూత లోపల అంటించి, పుస్తకానికి ఇచ్చినట్టే డబ్బాకీ యాక్సెషన్ నంబరు (రిజిస్టర్లో నమోదు నంబరు) ఇవ్వండి. 40 మంది ఉన్న తరగతిలో వారానికి 10 మంది బల్లల దగ్గర, మిగతావాళ్లు పుస్తకాల దగ్గర. నాలుగు వారాల్లో అందరికీ వంతు వస్తుంది. ఇద్దరికి ఒక కిట్ చొప్పున ఐదు, చేతిలో ఒకటి అదనంగా, మొత్తం ఆరు కిట్లు.

మొదటి రోజే వచ్చే ఫిర్యాదు 'తెల్ల లైటు వెలగట్లేదు సార్' అని. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులకే వెలుగుతుంది, తెల్లదానికి 3 వోల్టులకు దగ్గరగా కావాలి. రెండింటినీ ఒకే రెసిస్టర్ మీద పక్కపక్కన కలిపితే ఎర్రది వోల్టేజీని 2 దగ్గరే ఆపేస్తుంది, తెల్లది చీకటిగా ఉండిపోతుంది. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్ పెట్టాలి. అప్పుడు కూడా సెల్స్ పాతబడేకొద్దీ ముందు మసకబారేది తెల్లదే. ఈ తేడాను పిల్లలే మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే సాధనం) పెట్టి కనుక్కోవాలి. ముందే చెప్పేస్తే పాఠం పోతుంది.

స్టీలు బల్ల అయితే పైన మందపాటి అట్ట పరవండి. లేదంటే క్లిప్పులు ఇనుముకు తగిలి షార్ట్ అవుతుంది, సెల్స్ వేడెక్కుతాయి. చవక అని బొత్తాం సెల్స్ మాత్రం కొనొద్దు. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు.

సోల్డరింగ్, కలప కోత లైబ్రరీలో వద్దు. పొగ, దుమ్ము పుస్తకాలకూ మంచివి కావు. అతికించడానికి ఫెవికాల్ సరిపోతుంది గానీ, 40 నిమిషాల పీరియడ్‌లో అది గట్టిపడదు. బట్టల క్లిప్పులు పెట్టి పేరు రాసి, మరుసటి వారం దాకా ఆరనివ్వాలి. వెంటనే నిలబడాలంటే 20 వాట్ల గ్లూ గన్. అది ఒక్కటే ఉండాలి, గోడ సాకెట్ పక్కన టీచరు కళ్లెదుటే ఉండాలి. చెయ్యి కాలితే మంచు పెట్టకుండా 20 నిమిషాలు చల్లటి కుళాయి నీటి కింద ఉంచి, ఆ తర్వాత డాక్టరుకు చూపించాలి.

అట్ట కోసం కిరాణా కొట్టు పెట్టెలు అడగండి. అట్ట లోపలి గాడుల వెంబడి సులువుగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే నలుగుతుంది. కాబట్టి బండి చట్రానికి బరువు మోసే వైపు గాడులు పొడవునా ఉండేలా కోయించండి. ఇది తెలియక వంగిపోయే బొమ్మ వంతెనలు చాలా ఉంటాయి.

ఆర్డునో, అంటే కంప్యూటర్ నుంచి ప్రోగ్రామ్ ఎక్కించే చిన్న సర్క్యూట్ బోర్డు, రెండో టర్మ్‌లో, ఎనిమిదో తరగతి నుంచి చాలు. కంప్యూటర్ బోర్డును గుర్తించకపోతే ముందు యూఎస్‌బీ వైరు మార్చి చూడండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేవి చాలా ఉంటాయి. నకలు బోర్డయితే కంప్యూటర్‌లో సీహెచ్340 డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా కావాల్సి రావొచ్చు. ఎస్‌జీ90 సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) కదలగానే బోర్డు రీసెట్ అవుతోందంటే కరెంటు చాలడం లేదు. సర్వోకు నాలుగు రీఛార్జబుల్ ఏఏ సెల్స్ విడిగా ఇచ్చి, బోర్డు, సెల్స్ రెండింటి గ్రౌండ్ (మైనస్ వైరు) కలపండి.

డ్యూయీ పద్ధతి (విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే పద్ధతి) ప్రకారం సర్దిన లైబ్రరీ అయితే 621.381 ఎలక్ట్రానిక్స్, 629.892 రోబోలు, 745.54 కాగితం పనుల పుస్తకాలను బల్లల పక్క అరకు తెచ్చేయండి. చేతిలో మోటారు ఆగిపోయిన పిల్లాడు ఆ క్షణంలో తెరిచే పుస్తకాన్ని శ్రద్ధగా చదువుతాడు.

పీరియడ్ చివరి ఏడు నిమిషాలు లెక్కకే. సెల్స్ బయటకు తీసి, జాబితా చూసి, డబ్బా అప్పజెప్పాలి. సెల్స్ లోపలే వదిలేస్తే వేసవి సెలవుల్లో కారి హోల్డర్ స్ప్రింగులకు తుప్పు పడుతుంది. ముందు అయిపోయేవి సెల్స్, రెసిస్టర్లు, గ్లూ స్టిక్కులు. మొదటిసారి కొనేటప్పుడే వీటిని రెండు టర్మ్‌లకు సరిపడా తెచ్చుకోండి.